చేపపిల్లకును ఆకుమడి కావలెను

తొలకరి వానలు కురిసి గోదావరికి ఎర్రనీరు వచ్చునప్పటికి మన గ్రామములలో చేపపిల్లల బేరములు మొదలగును. లక్ష పిల్ల ఎంతకు వచ్చునని అడుగువారు పలువురు కలరు. ఆ లక్షలో పదునైదు దినముల తరువాత ఎన్ని మిగులునని అడుగువారు అరుదు. రైతు గాని, పంచాయతీ గాని ముందుగా అడుగవలసినది ఈ రెండవ ప్రశ్నయే అని నా అభిప్రాయము.

రైతు సోదరులారా, వరికి మీరు చేయు పనిని ఒకమారు తలచుకొనండి. ఆకుమడిని దమ్ము చేసి, చదును పరచి, ఎరువు వేసి, ఆ తరువాతనే మొలక కట్టిన విత్తనము చల్లుదురు. ఆకు తగినంత ఎదిగిన పిదపనే ఊడ్చుదురు. చేప విషయమున మాత్రము ఈ వివేకము మరచి, కంటికి ఆనని పిల్లను తెచ్చి పెద్ద చెరువులో కుమ్మరించుచున్నాము. పిదప వల వేసి, చేప లేదని విత్తనమును నిందించుచున్నాము.

పాపికొండల నడుమ నుండి గోదావరి మైదానమునకు దిగు చోటనే మన పోలవరమున్నది. పూర్వము చేపవిత్తనమునకు వరదనదులే ఆధారము. 1957 జూలై 10వ తేదీన ఒడిశాలోని అంగుల్ వద్ద హీరాలాల్ చౌధురి, అలీకున్ని గార్లు పిట్యూటరీ గ్రంథి రసమును సూదిద్వారా ఎక్కించి, నిలువనీటి చేపలచే గ్రుడ్లు పెట్టించిరి. నాటి నుండి విత్తనమునకు కరవు తీరు మార్గము దొరికినది. ఆ దినమునే నేడు జాతీయ మత్స్యరైతుల దినముగా జరుపుకొనుచున్నాము. నేడు మనకు కొరత విత్తనము కాదు, దానిని బ్రతికించు శ్రద్ధ.

బొచ్చె, శీలావతి, ఎర్రమోసు పిల్లలు గ్రుడ్డు నుండి వెలువడునపుడు పొట్టక్రింద సొనసంచి ఉండును. సుమారు మూడు దినములు అదియే వాటికి ఆహారము. అది కరగిన పిదప పిల్లను అమ్ముదురు. దీనినే వ్యాపారులు స్పాను అందురు. పొడవు 6 నుండి 8 మిల్లీమీటర్లు, అనగా ఒక బియ్యపు గింజంత. కనుక మీరు కొని తెచ్చు పిల్ల ఆకలితోనే మీ గట్టుకు చేరును. అది దిగిన నీటిలో కంటికి కనబడని జీవపు మేత ఆ గడియకే సిద్ధముగా ఉండవలెను. నాలుగు దినముల తరువాత పుట్టు మేత దానికి పనికిరాదు.

ఈ సూత్రము మన చేపలకే కాదు. పట్టణములలో అద్దాల తొట్టెలలో పెంచు క్లౌన్ చేపను కొందరు చూచియుందురు. నారింజరంగు మేనిపై తెల్లని పట్టెలుండు సముద్రపు చేప అది. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థవారు దాని పిల్లలను హేచరీలో తీయు పద్ధతిని సాధించిరి. గ్రుడ్లు సుమారు వారము దినములకు పగులును. పుట్టిన పిల్లకు పొడిమేత పనికిరాదు, రోటిఫర్లు అను అతిసూక్ష్మ జీవులు కావలెను. కొన్ని దినములకు ఆర్టీమియా పిల్లలను తినగలదు. అందుచేత వాటిని పెంచువారు గ్రుడ్లు పగులక పూర్వమే రోటిఫర్లను పెంచి ఉంచుకొందురు. వినోదమునకు పెంచు చేపకు ఇంత ముందుచూపు అవసరమైనపుడు, మన కూడు, కూలి ఆధారపడిన చేపకు అవసరము లేదా?

పది సెంట్ల గుంట ఒకటి ఉన్న చాలును. దానిని ఎండగట్టి 8 కిలోల సున్నము చల్లవలెను. ఎండగట్ట వీలులేనిచో కొర్రమీను, జెల్ల వంటివి అందు దాగియుండి పిల్లను మిగులనీయవు. అట్టి గుంటలో మీటరు లోతు నీటికి 100 కిలోల ఇప్పచెక్క వేయవలెను. మన మన్యమున ఇప్పచెట్లకు కొదువ లేదు. ఈ చెక్క మొదట విషమై, పిదప ఎరువగును. వేసిన మూడు వారములకు గాని పిల్లను వదలరాదు.

30 కిలోల వేరుసెనగ చెక్క, 8 కిలోల పచ్చిపేడ, 2 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేటు కలిపి నానబెట్టి, అందు సగమును పిల్ల వదలుటకు రెండు మూడు దినముల ముందు నీటిలో చల్లవలెను. మిగిలినది తరువాత రెండు మూడు దఫాలుగా వేయవలెను. ముందటి దినమున 50 లీటర్ల నీటిని సన్నని ప్లాంక్టన్ వలలో వడగట్టి చూడవలెను. గాజుగొట్టములో అడుగున ఒకటి రెండు మిల్లీలీటర్ల మేత తేరినచో గుంట సిద్ధమైనట్లే. లేనిచో పిల్లను తేవలదు. బేరమును రెండు దినములు ఆపండి.

ఎరువు వేసిన నీటిలో మేతతోపాటు నీటిపురుగులు కూడ పుట్టి పిల్లను చంపును. ఇవి గాలికై పైకి వచ్చునవి. ముప్పాతిక కిలో సబ్బును, రెండుంబాతిక కిలోల చౌక నూనెను కలిపి, గాలి లేని వేళ ముందునాడు నీటిపై పరచినచో ఊపిరాడక చచ్చును.

ఈ గుంటకు లక్ష పిల్ల మించరాదు. సంచిని కొంతసేపు నీటిపై తేలనిచ్చి, చల్లని వేళ మెల్లగా వదలవలెను. మొదటి ఐదు దినములు దినమునకు 600 గ్రాములు, పిదప 1,200 గ్రాముల చొప్పున వేరుసెనగ చెక్కపొడి, సన్నతవుడు సమపాళ్లలో జల్లించి రెండుపూటల చల్లవలెను. ప్రేమకొద్ది ఎక్కువ వేసినచో అది కుళ్లి నీటిలోని ప్రాణవాయువును హరించును. తెల్లవారుజామున పిల్లలు పైకి వచ్చి నోళ్లు తెరచుచున్నచో మేత ఆపి, క్రొత్తనీరు పెట్టవలెను.

ఇట్లు చేసినచో పదునైదు, ఇరువది దినములకు పిల్ల అంగుళమగును. నూటికి 40 నుండి 60 వరకు దక్కును. ఆ పిల్లను పలుచగా వేరొక గుంటలో రెండు మూడు నెలలు పెంచినచో వేలెడు దాటును. అప్పుడే అది పెద్ద చెరువునకు తగినది.

"స్పాను చౌక, సగము చచ్చినను నష్టమేమి?" అని కొందరందురు. సిద్ధము చేయని చెరువులో చచ్చునది సగముతో ఆగదు. అంతకన్న పెద్ద నష్టము కాలము. పిల్ల లేదని తెలియునప్పటికి వానకాలము దాటును, చెరువు ఏడాదంతయు వట్టిగా నుండును, కౌలు మాత్రము తప్పదు.

గ్రామాధికారులకు, గ్రామ మత్స్య సహాయకులకు నా మనవి. ఊరిచెరువున లక్ష పిల్ల వదలితిమని వ్రాసికొనుటతో తృప్తిపడకండి. పిల్ల పొడవెంతో కొలిచి వ్రాయండి, వేలెడు లేని పిల్లను ఊరిచెరువునకు అంగీకరింపకండి. ఆ పిల్లను దూరము నుండి తెచ్చుటకన్న, ఊరిలోనే గుంటలున్న చిన్నరైతులచేత, స్త్రీల సంఘములచేత పెంచించి కొనండి. పంచాయతీ సొమ్ము ఊరిలోనే నిలుచును, ఎండదెబ్బకు, ప్రయాణమునకు చచ్చు పిల్ల తగ్గును. రానున్న ఎర్రనీటికి పూర్వమే ఊరికొక గుంటనైనను ఎండగట్టి ఉంచండి.