అట్లాంటా బాకీ

కరణం మల్లీశ్వరి పేరెత్తగానే అందరూ సిడ్నీ కాంస్యం గురించే మాట్లాడతారు. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అని పొంగిపోతారు. ఆ పొగడ్తతోనే నాకు పేచీ. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి వచ్చిన ఆమె 1994, 1995లలో ప్రపంచ విజేత. మరి 1996 అట్లాంటాలో పతకం ఎందుకు రాలేదు? ఆ ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు వెయిట్‌లిఫ్టింగే లేదు కనుక! మగవాళ్లకు 1896లోనే ఉంది. స్త్రీలకు ప్రపంచ పోటీలు 1987 నుంచీ జరుగుతున్నా ఒలింపిక్స్ తలుపు 2000 దాకా తెరుచుకోలేదు. తెరిచిన ఏడాదే మల్లీశ్వరి 240 కిలోలు ఎత్తింది.

"బరువులెత్తడం ఆడదాని పనా?" అనేవాళ్లు ఇటు మా గూడూరులో ఇప్పటికీ ఉన్నారు. నీళ్ల బిందెలు, కట్టెల మోపులు, ఇటుకలు, మిర్చి బస్తాలు మోసేటప్పుడు ఎవరికీ ఈ ప్రశ్న రాదు. మోసినదానికి పేరూ పతకమూ వచ్చేచోటే ఆడదాని శరీరం సుకుమారమని గుర్తొస్తుంది.

2024 పారిస్‌లో స్త్రీ పురుషులకు సమానంగా స్థానాలిచ్చామని చెప్పుకున్నారు. ఇవ్వడమేమిటి? అది బాకీ తీర్చడం, అదీ వడ్డీ లేకుండా. మల్లీశ్వరికి అట్లాంటాను ఎవరు తిరిగిస్తారు? "తొలి మహిళ" అని రాసే ప్రతిసారీ, అంత ఆలస్యం ఎవరివల్ల జరిగిందో కూడా రాయాలి.