తిరస్కృతుని దస్త్రము అతనికే చెందవలెను

కెనడా శాశ్వతనివాసమునకై పెట్టుకొనిన దరఖాస్తు తిరస్కృతమైన యువకునికి తునిలోనైనను, తాండవనది కావలియొడ్డుననున్న పాయకరావుపేటలోనైనను నేడు లభించుచున్న సలహా ఒక్కటే: "మళ్లీ పెడదాం, ఈసారి వస్తుంది." ఈ సలహా నిచ్చు కన్సల్టెన్సీ తిరస్కృతికి కారణమేమో చెప్పదు, అధికారి పంపిన ఉత్తరమును పూర్తిగా చూపదు, తొలి దరఖాస్తులో ఆ యువకుని పేరిట ఏమేమి వ్రాసి పంపినదో ఆ ప్రతి నీయదు, రెండవమారు రుసుమును మాత్రము ముందుగా పుచ్చుకొనును. మరల దరఖాస్తు పెట్టుకొను హక్కు ప్రతివానికి కలదు. ఆ హక్కును వినియోగించుకొనుట లజ్జాకరము కానేకాదు. కాని తన పేరిట దాఖలైన కాగితములను తాను చదువక పెట్టు రెండవ దరఖాస్తు మొదటిదానికంటె ప్రమాదకరమైనదనియు, ఆ కాగితముల నప్పగింపని వ్యాపారమును రాష్ట్రప్రభుత్వము శాసనముచే కట్టడి చేయవలెననియు మా నిశ్చితాభిప్రాయము.

సముద్రము దాటిపోవుట గోదావరి ప్రాంతమునకు నూతనవిషయము కాదు. కోరంగి, కాకినాడ రేవులనుండి రంగూనునకు పోయి, ఓడలవద్దను బియ్యపుమిల్లులలోను శ్రమించిన మన పూర్వులు కూలీలను కుదుర్చు మేస్త్రీల యొద్ద పుచ్చుకొనిన అడ్వాన్సునకు కట్టుబడి, ఆ బాకీ ఎన్నటికి తీరునో తెలియకయే బ్రదుకులు వెళ్లబుచ్చిరి. పద్దు మేస్త్రీ చేతిలో నుండెడిది. 1922 నాటి వలసచట్టము వారిని కాపాడలేదు. ఏలయన 1937 వరకు బర్మా బ్రిటిష్ ఇండియాలో అంతర్భాగమే యగుటచే, అచటికి పోయినవారు ఆ చట్టపు దృష్టిలో పరదేశమునకు పోయినవారు కారు. నేటి పట్టభద్రుడును అట్లే చట్టముల సందున నిలిచియున్నాడు. 1983 నాటి వలసచట్టము విదేశపు యజమానులకు పనివారిని సమకూర్చు ఏజెంట్లు రిజిస్టరు కావలెనని శాసించి, కానివారికి శిక్ష విధించినది. అయితే పదవతరగతి దాటినవాని పాస్‌పోర్టునకు ఆ చట్టపు వలస అనుమతి అక్కరలేదు. ఉద్యోగము చూపింతునని గాక శాశ్వతనివాసపు (పీ.ఆర్.) ఫైలు నడుపుదునని మాత్రమే చెప్పు కన్సల్టెన్సీ ఆ రిజిస్ట్రేషనునకు చిక్కకున్నది. గల్ఫునకు ఇంటిపనికై పోవు కోనసీమ స్త్రీకి కాగితముమీదనైనను కల రక్షణ ఇంజనీరునకు లేదు. నాడు పద్దు మేస్త్రీ చేతిలో. నేడు దరఖాస్తు ఖాతా పాస్‌వర్డు కన్సల్టెన్సీ చేతిలో.

ఇంతకును దరఖాస్తులు తప్పుట కెట్టి కారణములున్నవి? కెనడా ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ పథకమున నూటికి 67 పాయింట్లు వచ్చినగాని అర్హత లేదు. అందు భాషకు 28, చదువునకు 25, అనుభవమునకు 15, వయస్సునకు 12. 2015 జనవరి మొదలు ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిని అర్హులనందరిని ఒక్క జాబితాలో నుంచి ర్యాంకు ననుసరించి పిలుచుచున్నారు. పిలుపు వచ్చిన 60 దినములలో సమస్త పత్రములను సమర్పింపవలెను. అసలు పరీక్ష అక్కడనే. పనిచేసిన కంపెనీ ఇచ్చు పత్రమున హోదా, జీతము, వారమునకు పని గంటలు, చేసిన విధులు స్పష్టముగ నుండవలెను. కెనడా వృత్తుల పట్టికలోని వాక్యములను యథాతథముగ దింపిన లేఖను అధికారి శంకించును. పేర్ల చిక్కు మనవారికి ప్రత్యేకము. ఇంటిపేరు పదవతరగతి సర్టిఫికెట్టులో ఒక్క పొడియక్షరమై, పాస్‌పోర్టులో పూర్తిపదమై, కాకినాడ జె.ఎన్.టి.యు. ట్రాన్స్‌క్రిప్టులో పేరు చివరకు చేరినచో, ఇవి మూడును ఒక్కనివే యని వివరణ జతపరుపవలసినదే. డబ్బు విషయము మరింత దుష్కరము. అచట స్థిరపడుటకు తగిన రొక్కమున్నదని చూపు బ్యాంకు లేఖలో గత ఆరు నెలల సగటు నిల్వయు నుండవలెను; ఆ రొక్కము అప్పు తెచ్చినది కారాదు; ఇంటి విలువ, భూమి విలువ లెక్కకు రావు. మామిడితోటయో, నాలుగెకరముల మాగాణియో కల తండ్రి తనను కలవానిగనే యెంచుకొనును. ఆ లెక్కలో ఆ భూమి సున్న. అందుచే చేబదులు తెచ్చి కుమారుని ఖాతాలో వేయించి, ఫైలు పోయినవెంటనే తీయించు ఉపాయమును నేర్పువారు బయలుదేరిరి. పాయింటు తక్కువైనచో భాషాపరీక్ష మరల వ్రాయవచ్చును, లేఖ అసమగ్రమైనచో సరియైనది తేవచ్చును. ఈ ఉపాయమును మాత్రము దిద్దుట కెవరితరమును కాదు.

ఏలయన కెనడా వలసచట్టపు 40వ సెక్షను, ముఖ్యవిషయమును ప్రత్యక్షముగగాని పరోక్షముగగాని అసత్యముగ చెప్పినవానిని, దాచినవానిని ఐదేండ్లపాటు ఆ దేశమునకు అనర్హుని చేయుచున్నది. అబద్ధమును వ్రాసినది ఏజెంటే యైనను బాధ్యుడు దరఖాస్తుదారుడే. పంజాబు నుండి పోయిన విద్యార్థులు కొందరు, తమ ప్రవేశపత్రములు నకిలీవని తాము ఎరుగమనియు, ఏజెంటే తమను మోసగించెననియు మొఱపెట్టుకొనగా, 2023 జూన్‌లో కెనడా ప్రభుత్వము వారి బహిష్కరణను నిలిపి ఒక్కొక్కరి విషయమును వేర్వేరుగ విచారింప నిశ్చయించినది. అంతవరకు వారనుభవించిన క్షోభ వర్ణనాతీతము. రెండవ దరఖాస్తులో, పూర్వము ఏ దేశమైనను వీసాను నిరాకరించినదా యను ప్రశ్న యుండును. దానికి లేదని వ్రాయించు కన్సల్టెన్సీ ఆ యువకుని గొంతు కోయుచున్నది.

తిరస్కృతులందరును దోషులు కారు. 2008 ఫిబ్రవరి 27కు పూర్వము చేరి, పేరుకుపోయిన స్కిల్డ్ వర్కర్ దరఖాస్తులను కెనడా 2012లో ఒక్క శాసనముతో మూసివేసి, రుసుములను త్రిప్పి పంపినది. సుమారు 2,80,000 మంది ఆశలు అట్లు ముగిసెను, న్యాయస్థానములును ఆ శాసనమునే సమర్థించెను. అమెరికా హెచ్-1బి లాటరీలో ఏటా 85,000 వీసాలకే తావు. చీటి రానివానికి యోగ్యత లేదనుట అన్యాయము. కావున ఇంటిలోని పెద్దలు ముందు కారణము నడుగవలెను, నిందను కాదు.

ఆ కారణమును తెలిసికొను మార్గము కలదు. కెనడాలో నున్న యెవరైనను దరఖాస్తుదారుని సమ్మతితో, ఐదు డాలర్ల రుసుము చెల్లించి, అధికారి ఫైలులో వ్రాసికొనిన వ్యాఖ్యలను తెప్పింపవచ్చును. అధికారి నిర్ణయము అన్యాయమని తోచినచో అచటి ఫెడరల్ కోర్టు నాశ్రయించుటకు, ఆ దేశము వెలుపల నున్నవారికి 60 దినముల గడువు కలదు. ఉత్తరమును కన్సల్టెన్సీ దాచినచో ఆ గడువు తెలియకయే గడచిపోవును. 2024 ఏప్రిల్ సవరణ నిర్ణయించిన 1,525 డాలర్లలో 950 పరిశీలన రుసుము మరల రాదు. శాశ్వతనివాస హక్కుకై కట్టిన 575 డాలర్లు, దరఖాస్తు తిరస్కృతమైనచో వాపసు రావలెను. ఆ సొమ్ము ఎవరి ఖాతాకు చేరినదో ప్రతి తండ్రియు విచారించుకొనవలెను. రుసుము గైకొని ప్రాతినిధ్యము వహించు హక్కు కెనడాలో న్యాయవాదులు మొదలగువారికిని, 2021 నవంబరులో నెలకొనిన కన్సల్టెంట్ల కాలేజీ సభ్యులకును మాత్రమే కలదు. ఆ యర్హత లేనివారు అభ్యర్థియే స్వయముగ దాఖలు చేసినట్లు చూపి, తమ పేరు ఎచ్చటను కనబడనీయకున్నారు.

పంజాబు 2012లోనే శాసనము చేసి, కన్సల్టెంట్లు జిల్లా మేజిస్ట్రేటు నుండి లైసెన్సు పొందవలెనని నిర్బంధించినది. ఆంధ్రప్రదేశ్ అంతకంటె దృఢమైన శాసనము చేయవలెను. లైసెన్సుతోపాటు, దరఖాస్తు ఖాతా అభ్యర్థి సొంత ఈమెయిలుతోనే తెరువవలెననియు, పంపిన ప్రతి కాగితపు నకలును అభ్యర్థికి నాడే ఈయవలెననియు, తిరస్కృతి ఉత్తరము చేతికందనిదే రెండవ ఫైలునకు దమ్మిడీయైనను పుచ్చుకొనరాదనియు అందు విధింపవలెను. కాకినాడ కలెక్టరు కార్యాలయమున తిరస్కృతులకు ఉత్తరములు చదివి చెప్పగల న్యాయవేత్త నొకనిని నియమించుటకు ప్రవాసాంధ్రుల సంస్థయగు ఎన్.ఆర్.టి. సొసైటీ వెంటనే పూనుకొనవలెను. రాబోవు శాసనసభా సమావేశముననే ఈ బిల్లు రావలెను. అది వచ్చువరకు, ఫైలు నకలు నీయని కన్సల్టెన్సీకి రెండవమారు రుసుము చెల్లింపవలదని తుని, అన్నవరము, పిఠాపురము ప్రాంతముల తలిదండ్రులను కోరుచున్నాము.