పొలం దక్కని గోత్రం

దావీదు ఆరాధన కోసం ఏర్పరచిన గాయకుల్లో ఆసాపు ముఖ్యుడు. మందసం ఎదుట తాళాలు మోగించినవాడు (1 దినవృ. 16:5). అలాంటి మనిషి 73వ కీర్తనలో దాచుకోకుండా ఒక సంగతి చెప్పాడు. భక్తిహీనుల క్షేమం చూసి తాను అసూయపడ్డానని, కాలు జారడానికి కాస్తే తక్కువైందని! మన కూటాల్లో సాక్ష్యాలకు కొదవలేదు. జబ్బు తగ్గింది, ఉద్యోగం వచ్చింది, వీసా వచ్చింది అంటారు. పక్కింటివాడు మేడ కట్టాడు, నాకు నిద్రపట్టడం లేదు, ప్రార్థన చేయండని లేచి చెప్పినవాణ్ణి ఎప్పుడైనా చూశామా? ఆసాపు చెప్పాడు.

ఆయన బాధ ఉత్తిది కాదు. లంచం ముట్టని ఉద్యోగి అద్దె ఇంట్లోనే రిటైరవుతాడు. అదే ఆఫీసులో రెండు చేతులా తిన్నవాడు మూడంతస్తులు కట్టి, గృహప్రతిష్ఠ కూటానికి రమ్మని కార్డు ఇచ్చి వెళతాడు. పవిత్రంగా బతకడం దండగేనా అన్న ప్రశ్న అప్పుడే పుడుతుంది (73:13). అసలు ప్రమాదం అక్కడుంది. మేడ మీద ఆశతో మొదలైన అసూయ, దేవుడు నన్ను మోసం చేశాడన్న ఫిర్యాదు దాకా వెళుతుంది.

దేవుని పరిశుద్ధ స్థలంలోకి వెళ్లాక ఆసాపుకు భక్తిహీనుల అంతం అర్థమైంది (73:17). చాలా ప్రసంగాలు ఇక్కడితో ఆగిపోతాయి. వాడెక్కిన చోటు జారుడు నేల, ఇవాళ కాకపోతే రేపు పడతాడు, కనుక మీరు దిగులుపడకండి అంటారు. ఆ మాటకు సంతోషించి ఇంటికి వెళ్లిన విశ్వాసి ఇంకా ఆ మేడ వైపే చూస్తున్నాడు. మునుపు అది లేచినందుకు చూశాడు, ఇప్పుడు ఎప్పుడు కూలుతుందా అని చూస్తున్నాడు. ఆసాపు మాత్రం అక్కడ ఆగలేదు. ఇంకాస్త ముందుకు వెళ్లి, దేవుడే తన స్వాస్థ్యమని అంటాడు (73:26).

స్వాస్థ్యం అనే మాట మనకు ఇప్పుడు పాటల్లో, ప్రార్థనల్లో వినే మాట. బైబిల్లో అది ముందుగా భూమి లెక్క. యెహోషువ కాలంలో కనాను దేశాన్ని చీట్లు వేసి గోత్రాలకు పంచారు. యూదాకు ఇంత, ఎఫ్రాయిముకు ఇంత అని సరిహద్దులు గీశారు. లేవీ గోత్రానికి మాత్రం అలాంటి భాగం రాలేదు. నివసించడానికి 48 పట్టణాలు, వాటి చుట్టూ పశువుల మేతకు కొంత నేల, అంతే. నేనే నీ స్వాస్థ్యమని దేవుడు అహరోనుతో ముందే చెప్పాడు (సంఖ్యా. 18:20). ఆసాపు లేవీయుడు. పక్క గోత్రంవాడు తన పొలం గట్టు మీద నిలబడి ఇదంతా నాది అంటుంటే, చూపించడానికి చెక్క పొలమైనా లేనివాడు, నాకు దేవుడున్నాడు అంటున్నాడు. ఆ కీర్తనలోని బరువు అదే.

అలాగని లేవీయులను ఆకలితో ఉంచమని ధర్మశాస్త్రం చెప్పలేదు, దశమభాగం వారికే ఇమ్మంది. జనం ఇవ్వడం మానేసినప్పుడు లేవీయులూ గాయకులూ ఆలయం వదిలి పొలాలకు వెళ్లిపోయారు. నెహెమ్యా వచ్చి మందలించింది వారిని కాదు, అధికారులను (నెహె. 13:10, 11). పాస్టరుగారికి నెల జీతం సరిగా ఇవ్వకుండా, మీ బహుమానం పరలోకంలో ఉందయ్యగారూ అనే సంఘ పెద్దలు ఈ వచనాలు ఒకసారి చదువుకుంటే మంచిది.

అసూయ మేడలను చూసే పుట్టదు. పక్క వీధి సంఘంలో కుర్చీలు నిండితే మన సంఘంలో కడుపు మండడం ఎరిగిన సంగతే. తెలుగు నేల మీద బాప్టిస్టు సేవను ఆ కళ్లతో చూస్తే సామ్యూల్ డే ఓడిపోయిన మనిషి. 1836లో వచ్చాడు, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్లు గడిచినా మారినవారు కొద్దిమందే. ఈ మిషన్ మూసేద్దామా అని అమెరికాలో పెద్దలు మళ్లీ మళ్లీ చర్చించారు. ఆరోగ్యం చెడి 1853లో ఆయన స్వదేశం వెళ్లిపోయి, 1871లో కన్నుమూశాడు. 1865లో వచ్చిన జాన్ క్లౌ ఒంగోలు కేంద్రంగా పనిచేశాడు. 1876లో మొదలైన కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకం పని తీసుకుని ఆకలిగొన్నవారికి కూలి చూపించాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని కరువు కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. తిరిగి మొదలుపెట్టాక 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. చరిత్ర పుస్తకాల్లో క్లౌ పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. డే ఆ రోజు చూడలేదు.

అన్నీ విడిచి వచ్చాం, మాకేం దొరుకుతుందని పేతురు అడిగినప్పుడు ప్రభువు కోప్పడలేదు, నూరంతలు అని మాట ఇచ్చాడు (మత్తయి 19:27–29). ఆ వెంటనే ద్రాక్షతోట కూలీల ఉపమానం చెప్పాడు. పొద్దుటి నుంచి ఎండలో పనిచేసినవారికి ఒప్పుకున్న దేనారం పూర్తిగానే అందింది. గంటసేపు పనిచేసినవాడి చేతిలోనూ అదే దేనారం కనబడేసరికి సణిగారు. నేను మంచివాడినైతే నీకెందుకు కడుపుమంట అన్నట్లుగా యజమాని వారిలో ఒకణ్ణి అడిగాడు. ఆ కూలీ ఏం జవాబిచ్చాడో మత్తయి రాయలేదు.