గుడ్డు ఏ గూటిది?

పిల్లలూ! మధ్యాహ్న భోజనం గంట కొట్టాక పళ్ళెం పట్టుకుని వరుసలో నిలబడినప్పుడు మీలో ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేసే ఉంటారు. గుడ్డు శాకాహారమా, మాంసాహారమా? మా బడిలో ఏటా ఒక్కసారైనా ఈ ప్రశ్న తగాదాగా మారుతుంది. తీర్పు కోసం ఇరుపక్షాల వాళ్ళూ సైన్సు మాస్టారి దగ్గరకే పరుగెత్తుకొస్తారు. లెక్కల మాస్టారి దగ్గరకు ఒక్కరూ పోరు.

చాలా ఏళ్ళు నేను తీర్పు చెప్పాను. ఇప్పుడు మానుకున్నాను. ఎందుకు మానుకున్నానో చెప్పాలంటే ముందు ఆ తీర్పు ఎంత చిక్కుముడో మీకు చూపించాలి.

మీ పాఠ్యపుస్తకంలో ఆహారాన్ని రెండు వరుసలుగా రాస్తారు కదా. వృక్ష సంబంధమైనవి ఒకవైపు, జంతు సంబంధమైనవి ఇంకొకవైపు. పాలు ఎటు ఉన్నాయి? జంతువుల వైపు! అయినా పాలు తాగేవాణ్ణి మాంసాహారి అని ఎవరూ అనరు. పాలలోని కేసీన్ అనే మాంసకృత్తి ఆవు పొదుగులోని కణాలలో తయారవుతుంది. వెన్న జంతువు కొవ్వే. దూడ పెరగడానికి తల్లి శరీరం సిద్ధం చేసిన మేత అది. గుడ్డులోని పచ్చసొన, తెల్లసొన కూడా అటువంటివే, కోడిపిల్ల కోసం దాచిన మేత. ఈ మాట వినగానే గుడ్డు పక్షం వాళ్ళు చప్పట్లు కొడతారు.

వాళ్ళకు ఇంకొక ఆధారం కూడా ఉంది. కోళ్ళఫారాలలో గుడ్లు పెట్టే పెట్టలతో పుంజులను ఉంచరు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది. ఫలదీకరణ జరగని అటువంటి గుడ్డును 21 రోజులు కాదు గదా, 210 రోజులు పొదిగించినా పిల్ల రాదు. పెరట్లో పుంజుతో కలిసి తిరిగే నాటుకోడి సంగతి వేరు. దాని గుడ్డులో పిండం మొదలై ఉండవచ్చు.

ఇక ఎదుటి పక్షం వాళ్ళు అడుగుతారు: "పిల్ల రాకపోతే మాత్రం, అది కోడి ఒంట్లో నుండి వచ్చింది కాదా మాస్టారూ?" నిజమే, వచ్చింది. ఇక్కడ ఎవరూ అబద్ధం ఆడడం లేదు.

గుడ్డును కాసేపు పక్కన పెట్టి పుట్టగొడుగు సంగతి చూడండి. నేను చదువుకున్న రోజుల్లో పుట్టగొడుగు వృక్షశాస్త్రం పుస్తకంలో ఉండేది. మొక్కలకు అది దూరపు చుట్టమని మాకు చెప్పారు. కాని దానిలో పత్రహరితం లేదు, అది తన ఆహారాన్ని తాను తయారు చేసుకోలేదు. 1969లో విటాకర్ అనే శాస్త్రజ్ఞుడు జీవులను అయిదు రాజ్యాలుగా విభజించి శిలీంధ్రాలకు వేరే రాజ్యం ఇచ్చాడు. తరువాత జన్యు పదార్థాన్ని పోల్చి చూస్తే తేలిందేమంటే, శిలీంధ్రాలు మొక్కల కంటే జంతువులకే దగ్గరి బంధువులు! పుట్టగొడుగు కణాల గోడలో ఉన్నది కైటిన్. బొద్దింక పెంకులో, రొయ్య పొట్టులో ఉండేదీ అదే. మొక్కలు పిండిపదార్థాన్ని స్టార్చి రూపంలో దాచుకుంటే, పుట్టగొడుగు మన కాలేయం లాగే గ్లైకోజన్ రూపంలో దాచుకుంటుంది. బంధుత్వాన్ని బట్టే ఆహారాన్ని విభజించాలంటే పెళ్ళి విందులో పుట్టగొడుగుల కూర ఏ వరుసలో వడ్డించాలో చెప్పండి!

పెరుగు మాటేమిటి? ఒక చెంచా పెరుగులో కోట్లాది బాక్టీరియాలు ఉంటాయి. అవి మొక్కలు కావు, జంతువులు కావు. ప్రాణం మాత్రం ఉంది. ప్రాణం ఉన్నదేదీ తినకూడదంటే మొట్టమొదట మానవలసింది గడ్డపెరుగే.

తేనె ఇంకా విచిత్రం. తేనెటీగ పూల మకరందాన్ని పీల్చి, పొట్టలోని తేనె సంచిలో దాచి, దానిలో ఎంజైములు కలిపి, పట్టులోకి వచ్చి తిరిగి కక్కుతుంది. (ఈ ముక్క అన్నాలు తినే వేళ మాత్రం చెప్పకండి. మా బడిలో ఒకసారి నాకు చీవాట్లు పడ్డాయి.)

మీరు కొనుక్కునే తినుబండారాలలో కంటికి కనబడకుండా ఉన్నవి కొన్ని ఉన్నాయి. తళతళలాడే కొన్ని చాక్లెట్ బిళ్ళల పైపూత లక్క పురుగులు స్రవించిన లక్కతో చేసినది. వణికే జెల్లీలలో వాడే జిలటిన్‌ను పశువుల ఎముకలు, చర్మాల నుండి తీస్తారు. కార్మైన్ అనే ఎర్రరంగు ముళ్ళజెముడు మీద బతికే ఒక పురుగును ఎండబెట్టి చేసేది. జున్నును పోలిన చీజ్ తయారు చేయడానికి పూర్వం లేగదూడ కడుపులోని నాలుగో అర నుండి తీసిన రెన్నెట్‌తో పాలను విరగగొట్టేవారు. ఇప్పుడు ఆ ఎంజైమును చాలావరకు సూక్ష్మజీవుల చేతనే తయారు చేయిస్తున్నారు.

మరి పొట్లాల మీద ఆకుపచ్చ చుక్క ఎలా వేస్తున్నారు? మన దేశంలో 2020లో వెలువడిన లేబులింగ్ నియమాలు మాంసాహారం అంటే ఏమిటో చెప్పాయి. జంతువులు, పక్షులు, పురుగులు, చేపలు, గుడ్లు, జంతువుల నుండి వచ్చిన పదార్థాలు అన్నీ దాని కిందకే వస్తాయి. అయితే పాలు, పాల పదార్థాలు, తేనె, తేనెమైనం, లక్క మాత్రం రావు! అంటే తేనె సీసా మీద ఆకుపచ్చ చుక్క, కోడిగుడ్డు కలిసిన కేకు మీద గోధుమరంగు త్రిభుజం. పాలకూ లక్కకూ ఉన్న మినహాయింపు గుడ్డుకు ఎందుకు లేదు? జీవశాస్త్రం పుస్తకంలో వెతికితే జవాబు దొరకదు. జనం అలవాట్లను చూసి చట్టం గీత గీసింది. అందులో తప్పేమీ లేదు. కొనేవాడికి లోపల ఏముందో తెలియడమే ఆ చుక్క పని. దాన్ని ప్రకృతి నియమం అనుకుంటేనే పొరపాటు.

ఈ గీత ఇంటింటికీ మారుతుంది. ఉల్లి, వెల్లుల్లి నూటికి నూరుపాళ్ళూ మొక్కలే, వాటిని ముట్టని ఇళ్ళు మన ఊళ్ళలోనే ఉన్నాయి. జైనులు చాలామంది నేలలో పెరిగే దుంపలు తినరు. బెంగాలులో బ్రాహ్మణుల ఇళ్ళలో చేప వండుతారు. ఇంగ్లండులో 1847లో శాకాహార సంఘం ఒకటి పుట్టింది. పాలు, గుడ్లు కూడా కూడదనే వాళ్ళు 1944లో విడిపోయి తమకు 'వీగన్' అని కొత్త పేరు పెట్టుకున్నారు. గాంధీగారి కథ మరీ ఆసక్తికరం. ఆయన 1912లో పాలు మానేశారు. 1918లో తీవ్రంగా జబ్బుపడ్డాక, మీరు ఒట్టు పెట్టుకున్నది ఆవు పాలకూ గేదె పాలకే కదా, మేకపాలు తాగితే ఏం అని కస్తూర్బా అడిగితే ఒప్పుకున్నారు. అక్షరాన్ని నిలబెట్టుకుని ఆత్మను పోగొట్టుకున్నట్లయిందని ఆయన బాధపడ్డారు, ఆ సంగతి ఆత్మకథలో దాచకుండా రాసుకున్నారు. 1942లో ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలో ఉన్నప్పుడు మొదలుపెట్టిన ఆరోగ్యం పుస్తకంలో మాత్రం, పాలు తాగేవారికి పిల్ల రాని గుడ్డు విషయంలో అభ్యంతరం ఉండనక్కరలేదనే అర్థం వచ్చేలా రాశారు.

ఈ గాంధీగారి వాదమే నన్ను తప్పుదారి పట్టించింది. ఆయన తప్పు కాదు, నాదే.

పదేళ్ళ కిందట ఏడో తరగతిలో ఒక అమ్మాయి ఉండేది. రోజూ తన గుడ్డు పక్కన కూర్చున్న పిల్లకు ఇచ్చేసేది. ఒకనాడు తోటివాళ్ళు "పాలు తాగుతావు, గుడ్డు ఎందుకు తినవు?" అని ఆటపట్టించారు. అప్పుడే నేను అటు వెళ్ళాను. పాఠం చెప్పడానికి మంచి అవకాశం దొరికిందనుకున్నాను! పుంజు లేని పెట్ట గురించి, ఫలదీకరణ గురించి, గాంధీగారి గురించి చక్కగా చెప్పాను. వరుస వరుసంతా ఆ పిల్ల వైపే చూస్తోంది. ఆ పిల్ల గుడ్డు తీసుకుని రెండుసార్లు కొరికింది. నేను నెగ్గినట్లే సంతోషించాను.

మర్నాటి నుండి ఆ అమ్మాయి భోజనానికి రావడం మానేసింది. గంట కొట్టగానే వేపచెట్టు కింద వట్టి చేతులతో కూర్చునేది. వారం తరువాత వాళ్ళ నాయనమ్మ వచ్చింది. నన్ను ఒక్క మాట తిట్టలేదు. "మాస్టారూ, అందులో ప్రాణం ఉందో లేదో మాకు తెలియదు. మేం తినం, అంతే. మీరు చెప్పారని కాదనలేకపోయిందట" అన్నది. నా దగ్గర జవాబు లేదు. ఆ పిల్ల గుడ్డులో పిల్ల ఉంటుందని ఎన్నడూ అనలేదు. ఆ పిల్ల అడగని ప్రశ్నకు నేను అందరి ముందూ జవాబు చెప్పాను.

దీనికి ఎదురు కథ కూడా జరిగింది. ఎండుచేపల పులుసు తెచ్చుకున్న ఒక కుర్రవాణ్ణి పక్కవాడు "నీచు వాసన, అవతలికి పో" అన్నాడు. ఆ 'నీచు' అనే మాట చూడండి. వాసనకు పెట్టిన పేరు, తినేవాడి మీదకు ఎంత తేలికగా పాకిపోతుందో! తెలంగాణలో చాలా ఇళ్ళలో కూర అంటేనే మాంసం. 2014లో కేంద్ర ప్రభుత్వం జరిపిన నమూనా నమోదు సర్వే ప్రకారం తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ పదిహేనేళ్ళు దాటినవారిలో శాకాహారులు నూటికి ఇద్దరికి మించి లేరు. ఆ కుర్రవాడు తెచ్చుకున్నది మనలో చాలామంది ఇళ్ళలో వండే కూరే. నా తరగతిలో ఇప్పుడు ఆ మాట వాడనివ్వను. (పెద్దవాళ్ళ స్టాఫ్ రూములో ఏ మాటలు వాడతారన్నది వేరే కథ.)

అయితే సైన్సుకు ఈ వ్యవహారంలో పనే లేదా? ఉంది, చాలా ఉంది. ఏది తినాలో ఎవరి ఇంట్లో వాళ్ళు నిర్ణయించుకున్నాక, ఆ పళ్ళెంలో ఏది తక్కువైందో చెప్పడం సైన్సు పని. గుడ్డు తినని పిల్లలకు బదులుగా అరటిపండు ఇచ్చే అలవాటు చాలాచోట్ల ఉంది. మా బడిలోనూ ఇచ్చేవాళ్ళు. లెక్క చూద్దాం. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. అరటిపండులో ఒక గ్రాము. అరటిపండు మంచిదే, కాని గుడ్డుకు బదులు కాదు! అదే 25 గ్రాముల వేరుశనగపప్పు, అంటే ఒక గుప్పెడు ఇస్తే 6 గ్రాములు వచ్చేస్తాయి. పప్పన్నం కూడా తెలివైన భోజనం. బియ్యంలో లైసిన్ అనే ఆమినో ఆమ్లం తక్కువ, పప్పులో అది పుష్కలం. పప్పులో మిథియోనిన్ తక్కువ, దాన్ని బియ్యం సర్దుతుంది.

ఒక్క లోటు మాత్రం పప్పుతోనూ ఆకుకూరతోనూ తీరదు. విటమిన్ బి-12ను ఏ మొక్కా తయారు చేయలేదు, ఏ జంతువూ చేయలేదు. కొన్ని రకాల బాక్టీరియాలే చేస్తాయి. ఆవు పొట్టలోని బాక్టీరియాలు చేసినది పాలలోకి వస్తుంది. పెద్దవారికి రోజుకు కావలసింది రెండు మైక్రోగ్రాముల పైచిలుకే, గ్రాములో పది లక్షల వంతులు రెండు! అయినా అది అందకపోతే రక్తహీనత వస్తుంది, కాళ్ళూ చేతులూ తిమ్మిర్లెక్కుతాయి, నరాలు దెబ్బతింటాయి. ఒక గుడ్డులో సుమారు అర మైక్రోగ్రాము, గ్లాసెడు పాలలో దాదాపు ఒక మైక్రోగ్రాము ఉంటుంది. అరటిపండులో సున్న. అందుచేత గుడ్డు తినని పిల్లకు పాలో పెరుగో తప్పకుండా అందాలి. పాలు కూడా ముట్టనివారు బి-12 మాత్రలో, అది కలిపిన ఆహారమో డాక్టరును అడిగి తీసుకోవలసిందే. ఆ మాత్రలలోని విటమినునూ బాక్టీరియాల చేతనే తయారు చేయిస్తారు. కాబట్టి ఎవరి గీతా చెరిగిపోదు.

మా బడిలో ఇప్పుడు గుడ్డు తినని పిల్లలు ఏడుగురు ఉన్నారు. ఎవరు తినరో సంవత్సరం మొదట్లోనే విడిగా అడిగి రాసుకుంటాం. ఎందుకు అని అడగం. వాళ్ళకు అరటిపండుతో పాటు గుప్పెడు పల్లీలో, ఉడికించిన శనగలో పెడుతున్నాం. ఖర్చు పెద్దగా పెరగలేదు. పెరుగు మాత్రం ఇంకా కుదరలేదు. ఎండాకాలంలో మధ్యాహ్నం దాకా పులవకుండా ఎలా ఉంచాలన్నది ఒక సమస్య, డబ్బు ఎవరు పెట్టాలన్నది ఇంకొకటి. వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో రెండూ అడగాలి.