ఎర్ర లైటు బ్యాటరీ గురించే కాదు

ఆఫీసులో నా ఫోన్‌కి రోజుకి నలభై అలర్టులు వస్తాయి. అందులో ముప్పై చూడకుండానే పక్కకి తోసేస్తా. ఆ అలవాటుతోనే మొన్న ఆదివారం 1972 నాటి కారు ఇంజిన్ ఒకటి పాడు చేయబోయా. అది నా కారు కూడా కాదు.

కారు పేరు ఎంజీబీ. రెండే సీట్లు, మడిచేసే టాపు, నేలకి ఆనుకుని వెళ్తున్నట్టుండే స్పోర్ట్స్ కారు. ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్‌లో 1962 నుంచి 1980 దాకా అయిదు లక్షలకి పైగా తయారు చేశారు. ఉద్యోగం కోసం నేనొచ్చి పడ్డ డిడ్‌కాట్‌కి ఆబింగ్డన్ పక్క ఊరే. మా పక్కింటి పెద్దాయన దగ్గర ఒక ఎంజీబీ ఉంది. పెళ్లయిన కొత్తలో భార్యాభర్తలిద్దరూ దాచుకున్న డబ్బుతో కొన్నారట. ఎక్కువగా నడిపింది ఆవిడే. ఆవిడ పోయి మూడేళ్లయింది.

"నువ్వు నడుపుతావా?" అని ఆయనే అడిగారు. ఒక్కరోజుకి నా పేరు మీద ఇన్సూరెన్స్ తీసుకుని, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని వాంటేజ్ రోడ్డెక్కా.

డాష్‌బోర్డ్ చూస్తే ముచ్చటేసింది. మన కార్లలోలాగా ఇరవై బొమ్మలు వెలగవు. ముఖ్యంగా చూడాల్సిన లైట్లు మూడే. ఆకుపచ్చది ఇండికేటర్. నీలం హై బీమ్. ఎరుపు ఇగ్నిషన్. ఆయిల్ ప్రెషర్‌కి లైటు లేదు, ముల్లున్న మీటరు ఉంది. నీళ్ల వేడికీ అంతే.

పావుగంట బాగానే నడిచింది. ఒక చిన్న ఎత్తు ఎక్కుతుంటే ఎర్ర లైటు వెలిగింది. ఇంజిన్ శబ్దం మారలేదు, స్పీడూ తగ్గలేదు. బుర్రలో లెక్క వేసేశా: ఈ లైటంటే బ్యాటరీ ఛార్జ్ అవ్వట్లేదని. పట్టపగలు, హెడ్‌లైట్లు అక్కర్లేదు. బ్యాటరీ గంటైనా లాగుతుంది. ఇల్లు పావుగంట. పోనిద్దాం.

పెద్దాయన మాత్రం చెయ్యి చాపి, "పక్కకి ఆపు. ఇంజిన్ కట్టెయ్. ఇప్పుడే" అన్నారు. ఎప్పుడూ మెల్లగా మాట్లాడే మనిషి. ఆ గొంతు విని ఆపేశా.

బానెట్ ఎత్తి చూస్తే ఫ్యాన్ బెల్ట్ తెగి కింద వేలాడుతోంది.

నా లెక్క తప్పు కాదు. బ్యాటరీ నిజంగానే ఇంటిదాకా లాగేది. కానీ ఆ కారులో ఆల్టర్నేటర్‌ని తిప్పే బెల్టే నీళ్ల పంపునీ తిప్పుతుంది, రేడియేటర్ వెనక ఫ్యాన్‌నీ తిప్పుతుంది. బెల్ట్ తెగితే మూడూ ఒకేసారి ఆగిపోతాయి. మొదట అరిచేది ఛార్జింగ్ లైటు. వేడి మీటరు ముల్లు ఆ తర్వాత మెల్లగా లేస్తుంది. ఈలోపు ఇంజిన్‌లో నీళ్లు తిరగడం ఆగిపోయి ఉంటుంది. అలాగే పోనిస్తే హెడ్ గ్యాస్కెట్ పోతుంది, ఇంకా మొండికేస్తే ఇంజినే పోతుంది. మేం దిగేసరికే ముల్లు మామూలు గీత దాటేసింది.

ఇరవై నిమిషాలు గట్టు మీద కూర్చున్నాం. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తియ్యకూడదు, మరిగే నీళ్లు మొహం మీదకి చిమ్ముతాయి. చల్లారాక ఆయన డిక్కీలోంచి ఒక కొత్త బెల్ట్, రెండు స్పానర్లు తీశారు. "ఆవిడ ఎప్పుడూ ఒకటి స్పేర్ ఉంచేది" అన్నారు, అంతే. ఆల్టర్నేటర్ బోల్టులు వదులు చేసి, బెల్ట్ ఎక్కించి, లాగి బిగించాం. మధ్యలో వేలితో నొక్కితే అరంగుళం లోపలికి పోవాలి, అది కొలత. స్టార్ట్ చేశాం. ఎర్ర లైటు ఆరిపోయింది.

ఇంటికొచ్చాక ఆయన దగ్గరున్న వర్క్‌షాప్ మాన్యువల్ అడిగి తెచ్చుకుని వైరింగ్ బొమ్మ చూశా. ఆ ఎర్ర లైటు వెనక సెన్సర్ లేదు, చిప్ లేదు, కోడ్ లేదు. మామూలు బల్బు. ఒక కొస ఇగ్నిషన్ స్విచ్ మీదుగా బ్యాటరీకి, రెండో కొస ఆల్టర్నేటర్‌కి. కీ తిప్పగానే బ్యాటరీ వైపు 12 వోల్టులు ఉంటాయి, ఆల్టర్నేటర్ వైపు ఏమీ ఉండదు. కరెంటు పారుతుంది, బల్బు వెలుగుతుంది. ఇంజిన్ స్టార్టయ్యాక రెండు వైపులా దాదాపు 14 వోల్టులు. తేడా లేదు కాబట్టి కరెంటు పారదు, బల్బు ఆరిపోతుంది. సగం సగం మిణుకుమంటోందంటే రెండు వైపులా కొంచెం తేడా ఉందన్నమాట. ఎక్కడో కనెక్షన్ సరిగ్గా లేదు, లేదా ఆల్టర్నేటర్ లోపల డయోడ్ పోతోంది.

ఇంకో విచిత్రం. ఆల్టర్నేటర్‌ మొదట్లో అయస్కాంతంగా మారడానికి కావలసిన కాస్త కరెంటు ఈ బల్బు గుండానే వెళ్తుంది. బల్బు మాడిపోతే ఆల్టర్నేటర్ అసలు ఛార్జింగ్ మొదలుపెట్టకపోవచ్చు. పైగా ఆ సంగతి చెప్పాల్సిన లైటు కూడా వెలగదు. డాష్‌బోర్డ్ మీద ఎర్ర లైటు లేదు, అంతా బావుందనుకుంటాం. అందుకే పెద్దాయన కీ తిప్పి, ఎర్ర లైటు వెలిగిందని చూశాకే స్టార్ట్ చేస్తారు. నేనది ముసలాయన చాదస్తం అనుకున్నా.

ఆయిల్ సంగతీ అడిగా. పరుగులో ఉన్నప్పుడు ప్రెషర్ 50 నుంచి 80 పీఎస్‌ఐ ఉండాలి, నిలబెట్టి ఉంచితే 10 నుంచి 25. లైటైతే మరీ పడిపోయాకే వెలుగుతుంది. ముల్లు మాత్రం ఎటు వెళ్తోందో ముందే చూపిస్తుంది. పోయిన నెల కంటే ఈ నెల ఒక గీత తగ్గితే, అప్పుడే వెతకడం మొదలుపెట్టాలి. ఇక్కడ 40 ఏళ్లు దాటిన కార్లకి పెద్ద మార్పులేవీ చేయకపోతే ఏటా జరిగే ఎంఓటీ పరీక్ష కూడా తప్పనిసరి కాదు. చూసుకునేది నడిపేవాళ్లే.

మీకు ఎంజీబీ లేకపోవచ్చు. ఇంట్లో నాన్నగారి పాత కారు ఉంటుంది కదా. మూడు పనులు చెయ్యండి. కీ తిప్పగానే, స్టార్ట్ చేయకముందు, ఎర్ర లైట్లు వెలుగుతున్నాయో లేదో చూడండి. వెలగని లైటుంటే ముందు దాన్ని బాగుచేయించండి. నడుస్తుండగా పసుపు వెలిగితే త్వరగా చూపించండి. ఆయిల్, వేడి, బ్యాటరీ లైట్లలో ఏది ఎర్రగా వెలిగినా పక్కకి ఆపి ఇంజిన్ కట్టెయ్యండి. చాలా కార్లలో ఇప్పటికీ ఆల్టర్నేటర్‌కీ నీళ్ల పంపుకీ బెల్ట్ ఒకటే.

సోమవారం ఆఫీసుకెళ్లి ఆ ముప్పై అలర్టులూ ఒక్కొక్కటే తెరిచా. పదకొండు పనికిరానివి, తీసేశా. రెండు మాత్రం నెల రోజులుగా అరుస్తున్నాయి. వాటి వెనక ఏ బెల్ట్ తెగిందో ఇప్పుడు వెతుకుతున్నా.

వచ్చే ఆదివారం ఆయన మళ్లీ కీ ఇస్తానన్నారు. కొత్త స్పేర్ బెల్ట్ నేను కొన్నా. డిక్కీలో పాతది ఉన్న చోటే పెట్టమన్నారు.