పాత ఆటస్థలమా? క్రొత్త ఆటస్థలమా?

ఫుట్‌బాలు ఆటను గూర్చి మన విద్యార్థులు వాదించుకొను సంగతులు పెక్కులు. ఏ జట్టు గొప్పది, ఏ ఆటగాడు సమర్థుడు అను ప్రశ్నలు ప్రతిదినమును మన చెవిని పడుచునే యుండును. వానికంటె లోతైన ప్రశ్న యొకటి కలదు. ఒక క్లబ్బు తన పాత ఆటస్థలమును బాగుచేసికొని యందే నిలువవలయునా? లేక దానిని విడిచి వేరొకచోట క్రొత్తదానిని కట్టుకొనవలయునా? ఇది కేవలము ఇటుకలకును ఇనుమునకును సంబంధించిన ప్రశ్న కాదు. ధనము, ప్రాణరక్షణ, పేదవారి హక్కు, పొరుగువారియెడల బాధ్యత అను నాలుగును ఇందు ఇమిడియున్నవి. కావున విద్యార్థులును, వారి తల్లిదండ్రులును దీనిని గూర్చి యొకింత యాలోచించుట యుక్తమని మేము తలంచుచున్నాము.

ఇంగ్లండు దేశమున లివర్‌పూలు నగరమునందు ఈ ప్రశ్నకు రెండు విధములైన జవాబులు ఒకే యూరిలో కనబడుచున్నవి. స్టాన్లీ పార్కు అను ఉద్యానవనమునకు ఒకవైపున ఆన్‌ఫీల్డు, మరియొకవైపున గుడిసన్ పార్కు కలవు. మొదటిది లివర్‌పూలు క్లబ్బువారిది. రెండవది ఎవర్టన్ క్లబ్బువారిది. వీని చరిత్రము వింతయైనది. 1878లో సెయింటు డొమింగో అను మెథడిస్టు దేవాలయమునకు చెందిన యువకులు ఒక ఆటజట్టుగా నేర్పడిరి. మరుసటి యేట ఆ జట్టు ఎవర్టన్ అను పేరు పెట్టుకొనెను. 1884 మొదలు 1892 వరకు ఎవర్టన్‌వారు ఆన్‌ఫీల్డునందే ఆడుచుండిరి. అద్దెను గూర్చియు, క్లబ్బు నిర్వహణమును గూర్చియు జాన్ హౌల్డింగు అను పెద్దమనిషితో వివాదము పుట్టగా, వారు 1892లో ఉద్యానవనమునకు ఆవలివైపునకు తరలిపోయి గుడిసన్ పార్కును కట్టుకొనిరి. ఖాళీపడిన ఆన్‌ఫీల్డులో ఆడుటకై హౌల్డింగు లివర్‌పూలు క్లబ్బును స్థాపించెను. ఒకరు స్థలము విడిచిపోవుటచేతనే మరియొకరు పుట్టిరన్నమాట.

ఒక శతాబ్దము గడచునప్పటికి ఈ రెండు స్థలములును ఇరుకైపోయెను. దానికి కారణము తెలిసికొనవలెను. పూర్వము ప్రేక్షకులలో నధికులు మెట్లపై నిలువబడి యాట చూచెడివారు. గుడిసన్ పార్కులో 1948లో జరిగిన యొక యాటకు 78,299 మంది వచ్చిరి. అట్లు క్రిక్కిరిసి నిలుచుటయందు అపాయము కలదు. 1985లో బ్రాడ్‌ఫర్డు పట్టణమున కొయ్యతో కట్టిన పాత స్టాండు అంటుకొని 56 మంది మరణించిరి. 1989లో షెఫీల్డునందలి హిల్స్‌బరోలో లివర్‌పూలు జట్టు ఆట చూడవచ్చినవారిలో 97 మంది త్రొక్కిడివలన ప్రాణములు కోల్పోయిరి. అటుపిమ్మట న్యాయాధిపతియగు టేలర్ 1990లో సమర్పించిన నివేదికనుబట్టి, పై తరగతి క్లబ్బుల స్థలములన్నింట ప్రతి ప్రేక్షకునకును కుర్చీ యుండవలెనని నిర్ణయమయ్యెను. నిలుచువానికంటె కూర్చుండువానికి ఎక్కువ చోటు కావలెను గదా! అందుచేత గుడిసన్ పార్కులో పట్టువారి సంఖ్య తుదకు 40,000లకు లోబడెను. పాత స్టాండ్ల స్తంభములు అనేకుల దృష్టికి అడ్డముగా నుండెను. చుట్టును వీధులు, ఒక మూలను సెయింటు లూకా దేవాలయము ఉండుటచే పెంచుటకును వీలు లేకపోయెను.

మొదట ఆన్‌ఫీల్డు సంగతి చూతము. లివర్‌పూలు క్లబ్బువారును స్టాన్లీ పార్కులో క్రొత్త క్రీడారంగము కట్టదలచిరి. 2003లో అనుమతి దొరకెను. 2007లో క్లబ్బును కొనిన యజమానులు త్వరలోనే పని మొదలగునని వాగ్దానము చేసిరి. ఆ వాగ్దానము కాగితములపైననే నిలిచిపోయెను. 2010లో వేరు యజమానులు వచ్చిరి. వారు లెక్కలు సరిచూచుకొని 2012లో పాత స్థలమునే పెంచుటకు నిశ్చయించిరి. 2016లో ముఖ్యమైన స్టాండు పూర్తియయ్యెను. 2024లో ఆన్‌ఫీల్డు రోడ్డువైపు స్టాండు పూర్తిగా తెరువబడెను. సుమారు 45,000 మంది పట్టుచోట ఇప్పుడు 61,000 మందికి చోటు దొరకుచున్నది. ఇంత పని జరుగుచున్నను ఆటలు అక్కడనే జరిగెను. జట్టు ఇల్లు విడువలేదు. ధనము కొలదికొలదిగా వ్యయమయ్యెను.

ఐనను ఈ మార్గముకూడ నిర్దోషమైనది కాదు. స్థలము పెరుగవలెనన్న పొరుగువారి యిండ్లు తొలగవలెను. ఆన్‌ఫీల్డు ప్రక్కవీధులలో కొనబడిన యిండ్లు అనేక సంవత్సరములపాటు తలుపులు మూయబడి పాడుపడియుండెను. మిగిలియున్న కాపురస్థులు అందువలన మిక్కిలి కష్టపడిరి. క్లబ్బు పోవునో నిలుచునో తెలియక గడచిన ఆ కాలమే వారికి కలిగిన గొప్ప కీడు. నిర్ణయము ఆలస్యమగుకొలది దాని వ్యయమును బీదలే మోయుదురు.

ఇక ఎవర్టన్‌వారి కథ. వారు మొదట కింగ్స్ డాకు అను చోటికి పోదలచిరి గాని తగిన ధనము కూడక 2003లో ఆ యుద్దేశము విడువవలసివచ్చెను. పిమ్మట నగరపు పొలిమేరకు వెలుపలనున్న కర్‌బీకి పోదలచిరి. తమ క్లబ్బు ఊరు దాటిపోరాదని అభిమానులలో ననేకులు ఎదురాడిరి. 2009లో ప్రభుత్వమువారును దానిని నిరాకరించిరి. తుదకు మెర్సీ నదీతీరమున, 1848లో తెరువబడిన బ్రామ్లీ మూర్ డాకును పూడ్చి యచ్చట కట్టుటకు 2021లో అనుమతి పొందిరి. 52,000లకు మించి జనము పట్టు ఆ క్రీడారంగమున 2025 ఆగస్టు 24వ తేదీని మొదటి లీగు ఆట జరిగెను. గుడిసన్ పార్కు తెరువబడినదియు 1892లో అదే తేదీని! క్రొత్తచోట స్తంభము లడ్డము లేవు, చూపు నిరాటంకము, పాడుపడియున్న రేవుతీరమునకు జనసంచారము వచ్చినది.

అయితే దానికి చెల్లించిన వెల యెంత? మొదట 50 కోట్ల పౌనులని అంచనా వేసిన పని తుదకు 75 కోట్లకు మించెనని పత్రికలలో ప్రకటింపబడెను. పని జరుగుచుండగా 2023లో ఒక కార్మికుడు ప్రాణము కోల్పోయెను. ఆ తీరమునందలి క్రొత్త నిర్మాణములు కారణముగా, వానిలో ఈ క్రీడారంగమును కూడ పేర్కొని, ఐక్యరాజ్యసమితి యొక్క యునెస్కో సంస్థ 2021లో లివర్‌పూలు నగరమును ప్రపంచ వారసత్వస్థలముల పట్టికనుండి తొలగించెను. 2023-24 సంవత్సరపు ఆటలలో, నష్టముల మితి దాటినందుకు లీగువారు ఎవర్టన్ జట్టుకు రెండు పర్యాయములుగా మొత్తము 8 పాయింట్లు తగ్గించిరి. ఆ నష్టములన్నియు కట్టడమువలననే కలిగినవని మేము చెప్పము. ఆటగాండ్రకొరకు చేసిన వ్యయమును అందు కలదు. కాని మేడ కట్టుచున్న గృహస్థుడు చేతిని బిగబట్టుకొనవలెనను నీతి ఇందు స్పష్టముగా కనబడుచున్నది.

ఇతర క్లబ్బుల అనుభవమును కొంత విచారింతము. లండనునందలి ఆర్సెనల్‌వారు 1913 నుండి తామాడిన హైబరీని 2006లో విడిచి, దాని సమీపముననే 39 కోట్ల పౌనులు వెచ్చించి 60,000 మంది పట్టు రంగమును కట్టిరి. ఆదాయము పెరిగెను. కాని 2005 మొదలు 2014 వరకు వారికి గొప్ప బహుమానమొకటియు రాలేదు. అప్పే దానికి ఏకైక కారణమనుట న్యాయము కాకపోయినను, అదియొక కారణమనుట తప్పు కాదు. వెస్టుహామ్‌వారు 2016లో తమ పాత స్థలమును విడిచి, 2012 ఒలింపిక్ పందెములకై కట్టిన రంగమునకు పోయిరి. పరుగుపందెములకొరకు నిర్మింపబడిన రంగమగుటచే ప్రేక్షకులు ఆటకు దూరమైరి. టాటన్‌హామ్‌వారు పాత నేలమీదనే క్రొత్తది కట్టి 2019లో తెరచిరి. ఊరును విడువలేదు, చోటును విడువలేదు. కాని రమారమి నూరు కోట్ల పౌనులు వ్యయమయ్యెను. వీరందరికంటె గొప్ప హెచ్చరిక డార్లింగ్టన్‌వారిది. ఆ చిన్న క్లబ్బు 2003లో 25,000 కుర్చీల రంగమును కట్టుకొనెను. కొన్ని వేలమంది మాత్రమే వచ్చు ఆటలకు అంత రంగమేల? అదే సంవత్సరాంతమున క్లబ్బు దివాలా స్థితికి వచ్చెను; 2012లో ఆ రంగమును విడిచిపోయెను. ఒడలెరిగి కుట్టని చొక్కా తొడిగినవానికి ఉపయోగపడదు గదా!

క్రొత్తదానిని కోరువారు చెప్పు ముఖ్యమైన వాదము ఇది: జనము పెరిగిన ఆదాయము పెరుగును, ఆదాయము పెరిగిన జట్టు బలపడును. ఈ మాటలో సత్యము లేకపోలేదు. కాని ఆ ఆదాయము ఎవరి జేబునుండి వచ్చునో కూడ అడుగవలెను. 2016 ఫిబ్రవరిలో, ఆన్‌ఫీల్డు క్రొత్త స్టాండునందు ఒక టిక్కెట్టు వెల 77 పౌనులని ప్రకటింపబడగా, వేలకొలది అభిమానులు ఆట 77వ నిమిషమున లేచి వెలుపలికి నడచిపోయిరి. కొట్లాట లేదు. కొన్ని దినములలోనే క్లబ్బువారు ఆ వెలను ఉపసంహరించుకొనిరి. కట్టడము పాతదైనను క్రొత్తదైనను, దానిని నిలుపువారు సామాన్యజనులే యని యిందువలన తేటపడుచున్నది. పెంచిన కుర్చీలన్నియు ధనవంతులకే యైనయెడల, ఆ పెంపు ఊరికి ఏమి మేలు చేసెను?

పాతదానిని కోరువారి వాదమును కూడ మేము తేలికగా త్రోసివేయము. తాత కూర్చున్నచోట మనుమడు కూర్చుండుట యందు ఒక విలువ కలదు. దానిని పౌనులతో కొలువజాలము. కాని జ్ఞాపకములు ఎంత ప్రియమైనవైనను ప్రాణములకంటె ప్రియమైనవి కావు. బ్రాడ్‌ఫర్డులో కాలిపోయిన స్టాండు కూడ కొందరికి ప్రియమైన జ్ఞాపకమే యైయుండును.

కాగా మా యభిప్రాయమిది. మొదటి హక్కు పాత స్థలమునకు ఉండవలెను. విడిచిపోవలెనను వారే తమ కారణములను రుజువు చేయవలెను. వారు నాలుగు ప్రశ్నలకు జవాబియ్యవలెను. పాతచోటు ప్రాణాపాయము లేకుండ బాగుపడునా? పొరుగువారికి అన్యాయము చేయక పెరుగునా? క్రొత్తదానికగు అప్పును జట్టు క్రింది తరగతికి పడిపోయినను తీర్పగలరా? బీదవాడు తన కుమారుని చేయిపట్టుకొని అచ్చటికి రాగలడా? మొదటి రెంటికి అగుననిన యెడల పోరాదు. మొదటి రెంటికి కాదనియు, కడపటి రెంటికి అగుననియు చెప్పగలిగిననే పోవచ్చును. ఈ కొలతను బట్టి ఆన్‌ఫీల్డువారు నిలిచిపోవుట మంచిదే. పొరుగువారియెడల మాత్రము వారు ముందుగనే మేలుకొనవలసియుండెను. గుడిసన్‌లో పెరుగుటకు చోటు లేకుండుటచే ఎవర్టన్‌వారు తరలిపోవుటయు న్యాయమే. వారి అప్పు సంగతి కాలమే తీర్పు చెప్పవలెను.

ఎవర్టన్‌వారు చేసిన యొక పనిని ప్రత్యేకముగా శ్లాఘించుచున్నాము. వారు గుడిసన్ పార్కును పడగొట్టక, 2025 నుండి తమ స్త్రీల జట్టునకు ఇచ్చిరి. క్లబ్బు వెళ్లిపోయిన వీధిలో అంగళ్లు మూతపడును, పూటకూళ్లవారు నష్టపోవుదురు. కాని యిచ్చట దీపము ఆరలేదు. విడిచిపోవు ప్రతి క్లబ్బునకును ఇది యొక ఐదవ ప్రశ్నగా నుండవలెనని మేము కోరుచున్నాము: వెనుక విడిచినచోటు ఏమగును?

మాంచెస్టర్ యునైటెడ్ క్లబ్బువారు 1910 నుండి తమకు నిలయమైన ఓల్డు ట్రాఫర్డు ప్రక్కను లక్షమంది పట్టు రంగము కట్టుదుమని 2025 మార్చిలో ప్రకటించిరి. 200 కోట్ల పౌనుల మాట వినబడుచున్నది. గోపురము పటమును చూచి కన్నులు చెదరకముందే అచ్చటి అభిమానులు ఈ ప్రశ్నలు అడుగుదురుగాక!

విద్యార్థులారా, మీరు పెద్దవారై ఏదో యొక సంఘమునకో, పాఠశాలకో, గ్రామమునకో బాధ్యులగుదురు. పాతదానిని బాగుచేయుటయా, క్రొత్తదానిని కట్టుటయా యను ప్రశ్న తప్పక మీ యెదుటికి వచ్చును. అప్పుడు క్రొత్తదను మోజుచేతగాని, పాతదను మమతచేతగాని చేయెత్తకుడు. లెక్క పుస్తకము తెరచి చూడుడు. గోడలను తట్టి చూడుడు. పొరుగువానిని పిలిచి యడుగుడు. అటుపిమ్మట చేయెత్తుడు.