నీటిపద్దు ఊరివారి చేతికి రావలెను

చెరువు కనుపించును, కాలువ కనుపించును. భూగర్భజలము కనుపించదు. కనుపించని సొమ్మును పదిమంది వాడుకొనునపుడు ఎవరి లెక్క వారిది. పొరుగువాని బోరు నూరడుగులు లోతునకు పోయినదని వినిన మరునాడే మన మిరపరైతు ఇన్నూరడుగులకు అప్పుచేయును. ఆ యప్పు తీరకమునుపే రెండు బోర్లును ఎండును.

ఈ చీకటిలో దీపము పెట్టిన ప్రయత్నమొకటి 2003 మొదలు కొన్నియేండ్లు నాటి మన ఉమ్మడి రాష్ట్రముననే జరిగినది. ప్రకాశము, అనంతపురము, కడప, కర్నూలు, చిత్తూరు, నల్లగొండ, మహబూబునగరము జిల్లాలలో ఆరువందలకు పైగా పల్లెలు తమ భూగర్భజలమును తామే లెక్కించుకొనినవి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయసంస్థ తోడ్పడినది. గుంటూరునకు మాత్రము ఈ పని రాలేదు.

పని చూడ చిన్నది. రైతులే, స్త్రీలును పురుషులును, ఊరి వర్షమాపకమును చూచిరి. పదునైదు దినముల కొకసారి బావులలో నీటిమట్టమును కొలిచిరి. ఆ యంకెలను పదిమందికి కనుపించునట్లు పలకపై వ్రాసిరి. వానకాలము ముగిసి, రబీ విత్తులు పడకముందు అందరును కూడి పద్దు వేసిరి. ఈయేట భూమిలో ఇంకిన నీరెంత? వేయదలచిన పైరులకు కావలసిన దెంత? తరుగెంత? ఎవ్వరును ఎవ్వరిని శాసింపలేదు. తరుగును కన్నులార చూచిన పెక్కురు వరిమడిని తగ్గించి తక్కువనీటి పైరులకు మరలిరి. 2010లో ప్రపంచబ్యాంకు నివేదిక దీనిని అరుదైన విజయముగా మెచ్చినది. పరదేశపు మెప్పు వచ్చినగాని మన సొత్తు మనకు రుచింపదు గదా!

రైతుకు ఈ లెక్కలెక్కడ పట్టుబడునని పెదవి విరచువారు కలరు. గుంటూరు యార్డులో మిరపధర పిసరంత కదలినను పసికట్టువానికి బావిలో మూడడుగులు తగ్గిన సంగతి పట్టుబడదా?

లోపము మరియొకచోట నున్నది. 2002 నాటి నీరు, భూమి, చెట్టు చట్టము క్రొత్త బోరునకు అనుమతి కావలెనన్నది. 2004లో మోటారుకు ఉచితవిద్యుత్తు వచ్చినది. ఉచితవిద్యుత్తును మేము నిందింపము; మెట్టరైతుకు అది ఊపిరి. కాని తోడుటకు వెలలేనపుడు, తోడినదెంతో ఊరికి తెలియుటైనను కావలదా? నీటిని కొలిచిన ఊరు తనలో తాను నచ్చజెప్పుకొనగలదేగాని, కొలువనివానిని ఆపలేదు. పథకము ముగియగనే కొలతయు ముగిసినచో ఆ శ్రమ యంతయు వృథా.

కావున ప్రతి పంచాయతియు రబీకి ముందు నీటిపద్దును గ్రామసభలో చదివింపవలెను. భూగర్భజలశాఖ తన పరిశీలకబావుల యంకెలను కచేరీలలో దాచక అక్కడికి పంపవలెను. 1997 నాటి చట్టముచే ఏర్పడిన నీటివినియోగదారుల సంఘములు సాగరు కుడికాలువ క్రింద ఏ తూమునకు ఎంతనీరు వదలిరో చివరిభూముల వారికి తెలుపవలెను.

పట్టణమున నివసించుచు పల్లెలో భూమిని కౌలుకిచ్చిన పాఠకులు మాకు పెక్కురు కలరు. మిరపచేనికి బోరు వేయించుకొమ్మని కౌలుదారునకు చెప్పుటకు ముందు, ఆ యూరి బావులలో ఈయేట నీరెంత లోతున నున్నదో వారొక్కమారైనను అడిగి తెలిసికొనిరా?